బుధవారం మూడో పీరియడ్

జూన్ 8, ఆదివారం

ఈ రోజు నాకు కోపం రాలేదు. ముందు ఆ మాట రాసుకోవాలి.

ఆరాధన అయ్యాక దయామణి అమ్మగారు వెనక వరండాలోకి పిలిచారు. ఆదివారం ఆవిడ మా పాస్టరు అయ్యగారి భార్య, సోమవారం నుంచి సంఘం బడికి హెడ్మిస్ట్రెస్. నవ్వుతూనే అడిగారు.

"హెప్సీ, గురువారం బడి తెరుస్తున్నాం. ఈ ఏడాదైనా కెజియాని పంపిస్తావా?"

"లేదమ్మగారూ. ఇంట్లోనే చదువుతోంది."

"రెండేళ్ళయింది కదమ్మా."

"బాగానే చదువుతోందండీ."

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. అమ్మగారు చెయ్యి పట్టుకున్నారంటే వెనకాల ఏదో ఉందని అర్థం. సండేస్కూల్ టీచర్లు సంఘానికి మాదిరిగా ఉండాలట. మన బడి ఉండగా మన టీచరే బిడ్డని ఇంట్లో కూర్చోబెట్టుకుంటే మిగతా తల్లిదండ్రులు ఏమనుకుంటారట. అందుకని ఈ ఏడాదికి నన్ను రెస్ట్ తీసుకోమన్నారు. చిన్నపిల్లల క్లాసు బడిలో పనిచేసే ఒక టీచర్‌కి ఇప్పటికే ఇచ్చేశారట.

రెస్ట్ కావాలని నేనెప్పుడు అడిగాను?

సరేనండీ అన్నాను. నవ్వాను కూడా. ఇంటికొచ్చాక చూస్తే నా సంచిలో నోవహు ఓడ ఉంది. అట్టముక్కలతో నేనే చేసింది, జంతువులతో సహా. అది వాళ్ళకి ఇవ్వను.

కోపం మాత్రం రాలేదు.

జూన్ 9, సోమవారం

ఆనంద్ మారేడుమిల్లి నుంచి ఫోన్ చేశాడు. అక్కడ అడవిలో షూటింగ్, వానకి జిమ్మీజిబ్ మీద టార్పాలిన్ కప్పుకుని కూర్చున్నారట. ఏ సినిమాకి కెమెరాను ఆ పొడుగు చెయ్యి మీద ఎంత ఎత్తుకి లేపినా, ఇంటి గొడవ దగ్గర మాత్రం మా ఆయన కింది నుంచే చూస్తాడు.

"గట్లంటరు. మనకేంది? జర సబర్ చెయ్యి."

"నా క్లాసు తీసేశారు, ఆనంద్."

"క్లాసే గద తీసేసిన్రు, సంఘంల కెల్లి తీసెయ్యలే గద."

ఫోన్ పెట్టేశాను. వాడిది సంగారెడ్డి ఓపిక, నాది తెనాలి నోరు. పెళ్ళయినప్పటి నుంచీ ఇంతే.

రెండేళ్ళ కిందట సంఘం బడిలో ఆ నాలుగో క్లాసు టీచరు ఏమన్నదో వాడు మరిచిపోయాడేమో గాని నేను మరిచిపోలేదు. "ఈ పిల్లకి అక్షరం రాదండీ, మీరు ఆశ పెట్టుకోకండి." కెజియాని వెనక బెంచీలో, గోడ పక్కన కూర్చోబెట్టింది. ఇంటికొచ్చి పుస్తకం చూస్తే కడుపునొప్పి అనేది. వారం తర్వాత నేను బడి మాన్పించాను. మాన్పించి, ఎవరికి అప్పజెప్పాలో తెలియక నాతో పాటు ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్‌కి తీసుకెళ్ళేదాన్ని. గాజు అవతల సోఫాలో కూర్చునేది. నా డైలాగ్ కాగితాలు చేతిలో పెట్టుకునేది. చిన్న చిన్న వాక్యాలు, పెద్ద అక్షరాలు, ఊపిరి తీసుకోవాల్సిన చోట అడ్డగీత. తెర మీద పెదాలు కదులుతాయి, నా గొంతు వినిపిస్తుంది, కాగితం మీద అదే మాట ఉంటుంది. ఒకే ముక్క పదిసార్లు తిరుగుతుంది. అలా పట్టుకుంది. కెజియా తనంతట తాను చదివిన మొదటి వాక్యం "తలుపు తియ్యకు, వాడు మనిషి కాదు."

ఇప్పుడు మెల్లగానే అయినా అన్నీ చదువుతుంది. లెక్కలు నాకంటే బాగా చేస్తుంది. ఓపెన్ స్కూల్ పరీక్షలు ఎలాగూ రాస్తుంది.

ఇదంతా ఎవరికి చెబుతున్నాను? నాకు తెలుసు కదా.

జూన్ 13, శుక్రవారం

మోతీనగర్ గ్రూపుకి వెళ్ళాం. పిల్లల్ని ఇంట్లో చదివించుకునే క్రైస్తవ కుటుంబాలు, శుక్రవారాలు ప్రిసిల్లా వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో కలుస్తారు. అందరి భర్తలూ సాఫ్ట్‌వేర్. పిల్లలు ఇంగ్లీషులోనే పోట్లాడుకుంటారు. పుస్తకాలు విదేశాల నుంచి పెట్టెల్లో వస్తాయి, వాటినిండా మంచూ ఆపిల్ తోటలూ. కెజియా ఒక మూల కూర్చుని అందరి బొమ్మలకీ రంగులేసి పెట్టింది.

ఈ నెల నేను డబ్బింగ్ చెబుతున్న సినిమా సంగతి ఎవరో ప్రిసిల్లాకి చెప్పినట్టున్నారు.

"హెప్సిబా, తప్పుగా అనుకోవద్దు. మనం హోమ్‌స్కూల్ చేసేదే పిల్లల్ని లోకం నుంచి సెపరేట్‌గా ఉంచడానికి కదా. మీ ఫీల్డ్, ఆ దయ్యాల పిక్చర్స్... పిల్లల ముందు కొంచెం జాగ్రత్తగా మాట్లాడితే బాగుంటుంది."

"నేను దయ్యం కాదండీ. దయ్యం పట్టిన కోడల్ని. దయ్యానికి వేరే ఆవిడ చెబుతోంది."

ఎవరూ నవ్వలేదు. కెజియా ఒక్కతే నవ్వింది, తల వంచుకుని.

నేను దీన్ని లోకం నుంచి దాచడానికి ఇంట్లో పెట్టుకోలేదు. దానికి చదువు రావాలని పెట్టుకున్నాను. ఇక్కడ ఈ మాట అంటే వింతగా చూస్తారు. సంఘంలో అంటే పొగరు అంటారు. అక్కడ బడికి రాని పిల్ల, ఇక్కడ సినిమా వాళ్ళ పిల్ల.

జూన్ 15, ఆదివారం

ఈ ఆదివారం వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాం.

వారమంతా దయ్యం పట్టిన కోడలి అరుపులు అరిచి గొంతు పోయింది. పాటలప్పుడు పెదాలు కదిపాను, అంతే. మేం ఎప్పుడూ కూర్చునే ముందు వరస కాకుండా వెనక ఫ్యాన్ కింద కూర్చున్నాం. గాలి కోసం.

చివర్లో అయ్యగారు చెప్పారు. అక్టోబరులో బాప్తిస్మాలు. పన్నెండేళ్ళు నిండి, ప్రభువును సొంతంగా ఒప్పుకున్న పిల్లలు లేచి నిలబడమన్నారు. ముందు వరసల్లో కొందరు లేచారు. నేను సంచి సర్దుకుంటున్నాను. తలెత్తితే నా పక్కన కెజియా నిలబడి ఉంది.

నాతో ముందుగా ఒక్క మాట అనలేదు. ఎన్నాళ్ళ నుంచి మనసులో ఉందో. అటూ ఇటూ చూడకుండా, గౌను కుట్లు వేళ్ళతో పట్టుకుని నిలబడింది.

అయ్యగారు తల ఊపి ప్రార్థన చేశారు. బయటికొస్తుంటే అమ్మగారు ఆపారు.

"సంతోషమమ్మా. కానీ బాప్తిస్మం క్లాసులు బుధవారం మూడో పీరియడ్‌లో, బడిలో. స్కూల్ టైములో బయటి పిల్లల్ని లోపలికి రానివ్వకూడదు కదా. రూల్సు. ఇంకో ఏడాది ఆగితే ఏం పోయింది?"

బయటి పిల్ల. పుట్టిన నెలకి అదే హాల్లో అయ్యగారు చేతుల్లోకి తీసుకుని ప్రతిష్ఠ చేసిన పిల్ల. యూసుఫ్‌గూడలో మా ఇంటికీ సంఘానికీ మధ్య ఒక సందు, ఒక ఇస్త్రీ బండి అంతే. బయట ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు.

జూన్ 22, ఆదివారం

వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాం. వెనకే. గాలి కోసం.

జూలై 2, బుధవారం

చేశాను. చేసినందుకు నాకేం బాధ లేదు.

ఆనంద్ నిన్న ఇంటికొచ్చాడు. పొద్దున చెబితే అడిగాడు. "పిల్ల కోసమా, నీ పంతం కోసమా?" పిల్ల కోసమే అన్నాను. పిల్ల కోసమే.

మూడో పీరియడ్ బెల్ కంటే ముందే కెజియాని తీసుకుని బడి గేటు దగ్గరికెళ్ళాను. చేతిలో బైబిలు, జడలు గట్టిగా వేశాను. వాచ్‌మన్ జంగయ్య మమ్మల్ని ఎరిగినవాడే, అతనూ మా సంఘమే.

"అక్కా, నన్ను పరేషాన్ల పెట్టకు. లోపటికి ఇడవొద్దన్నది మేడం."

"నిన్నేం అనను జంగయ్యా. ఆవిడనే పిలువు. మేం ఇక్కడే ఉంటాం."

అమ్మగారు వచ్చారు. గేటు తియ్యలేదు, కమ్మీల అవతలే నిలబడ్డారు.

"ఇదేం పద్ధతి హెప్సీ? ఏదైనా ఉంటే ఆదివారం మాట్లాడుకోవచ్చు కదా."

"ఆదివారం మీరు బుధవారం అన్నారు. అందుకే బుధవారం వచ్చానండీ."

"పిల్లలు చూస్తున్నారు."

"చూడనివ్వండి. బాప్తిస్మం బడి ఇస్తుందా, సంఘం ఇస్తుందా? బడి ఇచ్చేదైతే చెప్పండి, వెళ్ళిపోతాం. సంఘం ఇచ్చేదైతే నా కూతుర్ని గేటు బయట నిలబెట్టే అధికారం మీకు లేదు."

నా గొంతు సంగతి నాకు తెలుసు. మైకు లేకుండా చివరి వరసకి వినిపిస్తుంది. పై అంతస్తు కిటికీల్లో తలలు బారులు తీరాయి. ఆవిడ ముఖం ఎర్రబడింది. "అయ్యగారితో మాట్లాడుకో" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

అప్పుడు చూసుకున్నాను, కెజియా చెయ్యి నా చేతిలో లేదు. జంగయ్య కుర్చీ వెనకాల గోడకి తిరిగి నిలబడి ఉంది.

ఇంటిదాకా మాట్లాడలేదు. మెట్ల దగ్గర అంది. "మమ్మీ, నువ్వు సినిమా గొంతుతోని మాట్లాడినవ్."

జూలై 3, గురువారం

ఇంకా మాట్లాడడం లేదు. ఆనంద్ కూడా అటే.

జూలై 6, ఆదివారం

వెళ్ళాం. నేనే వెళ్దామన్నాను. తలదించుకుని ఇంట్లో కూర్చుంటే తప్పు చేసినట్టే కదా.

ఎవరు పలకరించారు, ఎవరు పలకరించలేదు అని నేను చూడలేదు. కాశీవిశ్వనాథం గారు వందనాలు అన్నారు. ఆయన సంఘ పెద్ద. రక్షణలోకి వచ్చి ముప్పయ్యేళ్ళయినా పేరు మార్చుకోలేదు, అందుకు ఆ రోజుల్లో ఆయన్నీ ఏవో అన్నారట. క్వయర్‌లో నాతో పాడే ముగ్గురూ అనలేదు. కొత్త సండేస్కూల్ టీచరు ఫోన్ చూసుకుంటున్నట్టు నటించింది. నటన నాకు తెలియదనుకుంది.

మా వరసలో ఎవరూ కూర్చోలేదు. ప్రసంగం మొదలయ్యాక సుబ్బులమ్మ ఆలస్యంగా వచ్చి నన్ను తోసుకుని కూర్చుంది. కృష్ణానగర్‌లో ఒక్క గదిలో ఉంటుంది. ఎవరి పెళ్ళి సీన్లోనైనా అక్షింతలు వేసే ముసలావిడ కావాలంటే ఈవిడనే పిలుస్తారు. "గేటు కాడ నిలబడ్డావంట కదా" అని చెవిలో అడిగింది. అవునన్నాను. "కాళ్ళు నొప్పెట్టినియ్యా?" అంది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. దగ్గినట్టు నటించాను.

జూలై 10, గురువారం

సాయంత్రం ఏలీషా అయ్యగారు వచ్చారు. ఒక్కరే, ముందుగా ఫోన్ చేసి. ఆనంద్ కుర్చీ వేసి, తను చాప మీద కూర్చున్నాడు.

అయ్యగారు టీ తాగారు. తర్వాత మెల్లగా అడిగారు. "మీకు మా మీద నమ్మకం పోయిందా అమ్మా?"

గొడవపడటానికి సిద్ధంగా ఉన్నాను. ఆ ప్రశ్నకి సిద్ధంగా లేను.

"మీ మీద కాదండీ. బడి మీద."

"రెండూ ఒకటే అనుకుంటాం మేం. ఆ బడికి గోడలు లేచేటప్పుడు ఇటుకలు మోసింది మీ ఆయనే."

ఆనంద్ అందుకున్నాడు. వాడు మాట్లాడతాడని నేననుకోలేదు. "మోసిన అయ్యగారూ. నా బిడ్డ చదువుతదనే మోసిన. గాడ చదువు రాలే, ఇంట్ల వచ్చింది. ఇటుకలు మోసిన గనకనే చెప్తున్న, తప్పుగ తీసుకోవద్దు."

అయ్యగారు గ్లాసు కింద పెట్టారు. చివరికి ఒక దారి చెప్పారు. కెజియాని ఇంట్లోనే సిద్ధం చెయ్యండి. సెప్టెంబరులో ఆరాధన తర్వాత తనూ పెద్దలూ కూర్చుని ప్రశ్నలు అడుగుతారు. సిద్ధంగా ఉందనిపిస్తే మిగతా పిల్లలతో పాటే.

"మిగతా పిల్లల్ని కూడా ప్రశ్నలు అడుగుతారా అండీ?" అన్నాను.

"వాళ్ళు క్లాసుకు వస్తారు కదమ్మా."

అడగరన్నమాట. సరే. అడగనివ్వండి. వాళ్ళందరికంటే బాగా చెబుతుంది నా కూతురు.

జూలై 27, ఆదివారం

ప్రశ్నలన్నీ నేనే ఊహించి జవాబులు రాశాను. డైలాగ్ కాగితాల్లాగే, పెద్ద అక్షరాలు, అడ్డగీతలు. పాపమంటే ఏమిటి, రక్షణ అంటే ఏమిటి, బాప్తిస్మం ఎందుకు, సంఘమంటే ఏమిటి. సంఘానికి చాలా బాగా రాశాను, శరీరమూ అవయవాలూ అన్నీ పెట్టి. వింటే అమ్మగారికి నోట మాట రాకూడదు.

కెజియా మూడు పేజీలు చదివి పక్కన పెట్టింది.

"ఇవి నీ డైలాగులు, మమ్మీ."

"నీ కోసమే కదే రాసింది."

"నాకు తెల్సినయ్ నేను చెప్తా."

చెప్పలేకపోతే ఏమవుతుందో దానికి తెలియదు. నేను మళ్ళీ రాస్తాను, ఇంకొంచెం సులువుగా.

ఆగస్టు 14, గురువారం

కెజియాకి జ్వరం. మందులకి దిగడం లేదు.

ఆగస్టు 16, శనివారం

డెంగ్యూ. ఎర్రగడ్డ దగ్గర నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. ఆనంద్ షూటింగ్ వదిలేసి వచ్చాడు. నేను రానని డబ్బింగ్ చూసుకునే రఘునందన్ గారికి చెప్పేశాను. దయ్యం పట్టిన కోడలు మిగతా సగం సినిమా ఎవరి గొంతుతోనైనా అరుచుకోవచ్చు.

అయ్యగారికి ఫోన్ చెయ్యనా అన్నాడు ఆనంద్. వద్దన్నాను. మనం రాకపోతే వాళ్ళే అడగాలి.

ఆగస్టు 17, ఆదివారం

ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

ఆగస్టు 20, బుధవారం

ప్లేట్లెట్లు ఇంకా పడుతున్నాయి. కెజియా నిద్రలో పాట గొణుగుతోంది, సండేస్కూల్ పాట. మెలకువలో అడిగింది, "అయ్యగారికి చెప్పినవా? ప్రేయర్ చేస్తరు గద." ఇప్పుడు వద్దులే అన్నాను.

ప్రిసిల్లా వచ్చింది. తనే కారు నడుపుకుంటూ, ఫ్లాస్కులో సూపు తీసుకుని. మంచం పక్కన కూర్చుని కెజియా కాళ్ళు ఒత్తింది. ఎవరు చెప్పారో నేను అడగలేదు. ఆవిడ గురించి నేను ఇంతకు ముందు రాసినవేవీ కొట్టెయ్యను. కానీ వచ్చింది. అదీ రాస్తున్నాను.

ఆగస్టు 24, ఆదివారం

రెండో ఆదివారం. ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం సుబ్బులమ్మ. వెనక వరస ఖాళీగా ఉందని ఇంటికెళ్ళి చూసిందట, తాళం. కింది వాళ్ళనడిగి ఇక్కడికి వచ్చింది. నన్ను తిట్టింది. "చెప్పకపోతే ఎట్టా తెలుస్తాదే జనానికి?" అంది. నీకు తెలిసింది కదా అన్నాను. "నాకేం పనీపాటా ఉంది" అంది. సాయంత్రం దాకా ఉండి, తడిబట్టతో పిల్ల ఒళ్ళు తుడిచి వెళ్ళింది. అయ్యగారికి చెబుతానంటే ఒట్టు పెట్టించుకున్నాను, చెప్పొద్దని.

ఆగస్టు 29, శుక్రవారం

ఇంటికొచ్చాం. బతికింది. ఇంకేమీ రాయలేను.

సెప్టెంబర్ 7, ఆదివారం

వెళ్ళాం. పిల్ల చిక్కిపోయింది. "ఏంటమ్మా, డైటింగా?" అని ఒకావిడ నవ్వింది. అవునండీ అన్నాను.

సెప్టెంబర్ 14, ఆదివారం

అంతా వరసగా రాయాలి. ఏదీ వదలకూడదు.

ఆరాధన అయ్యాక హాలు పక్క గదిలో కూర్చున్నారు. అయ్యగారు, కాశీవిశ్వనాథం గారు, బ్యాంకులో పనిచేసే సాయిశ్రీనివాస్ అనే ఇంకో పెద్ద, అమ్మగారు. ఎదురుగా కెజియా. తల్లిదండ్రులు వెనక, మాట్లాడకూడదు. నేను మాట్లాడకుండా ఉండటం ఏమిటని ఆనంద్ నా మోచెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

మొదట సులువైనవి అడిగారు. చెప్పింది. నా కాగితంలో ఉన్న మాట ఒక్కటీ వాడలేదు. సాయిశ్రీనివాస్ గారు ఒక వచనం తీసి చదవమన్నారు. అమ్మగారు తల ఎత్తారు. కెజియా వేలు పెట్టి మెల్లగా చదివింది, ఒకచోట ఆగింది, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది, పూర్తి చేసింది. అమ్మగారు ఆ వేలు వైపే చూస్తున్నారు.

అప్పుడు కాశీవిశ్వనాథం గారు అడిగారు. "సంఘమంటే ఏంటమ్మా?"

నేను రాసిన శరీరమూ అవయవాలూ నా నోట్లోకి వచ్చేశాయి. పెదాలు కదిపానేమో కూడా. డబ్బింగ్ అలవాటు.

కెజియా బైబిలు మూసింది. "మనం రాకపోతే ఎవరో ఒకరు ఎందుకు రాలేదని అడిగేది," అంది.

"ఇంకా?"

"అంతే అంకుల్." తర్వాత తనే అంది. "నాకు డెంగ్యూ వచ్చింది. హాస్పిటల్ల ఉన్న. సంఘంల కెల్లి సుబ్బులమ్మమ్మ ఒక్కతే వచ్చింది."

బయట ఎవరో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు, ఆ చప్పుడొక్కటే. అయ్యగారి ముఖం చూడలేకపోయాను. నిజం చెప్పాలంటే చూశాను. చూడాలనే చూశాను. ఇప్పుడు చెప్పండి అనుకున్నాను మనసులో.

అమ్మగారు అన్నారు. "నాకెవరూ చెప్పలేదే తల్లీ."

"మీరు అడగలే అమ్మగారూ." ఆ మాటకి నా వెన్ను నిటారుగా అయింది. కానీ అది ఇంకా పూర్తి చెయ్యలేదు. "నేను చెప్దామన్న. మమ్మీ వద్దన్నది. చెప్తే ప్రేయర్ చేసేటోళ్ళు గద మీరు."

ఆనంద్ నా మోచెయ్యి వదిలేశాడు.

"మరి ఇట్లాంటి సంఘంలో బాప్తిస్మం ఎందుకు కావాలమ్మా నీకు?" అయ్యగారి గొంతు వేరేగా ఉంది.

"ఇదే మా సంఘం గద అయ్యగారూ. నాకు వేరేది తెల్వదు." మళ్ళీ తనే, "నాకు ముందు వరసల కూసోవాలని ఉంది. మమ్మీ గాలి కోసమంటది. ముందు కూడ ఫ్యాన్ ఉంది," అంది.

కాశీవిశ్వనాథం గారు కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకున్నారు. "నాకింకేం అడగాలని లేదండీ," అన్నారు అయ్యగారితో.

అక్టోబరు ఐదున, మిగతా పిల్లలతో పాటే.

సెప్టెంబర్ 15, సోమవారం

నేను వద్దన్న మాట నిజం. వాళ్ళు అడగని మాట కూడా నిజం. ఒకటి ఒప్పుకున్నంత మాత్రాన రెండోది పోదు.

కెజియాతో పొద్దుటి నుంచి పొడిపొడిగా ఉన్నాను. మధ్యాహ్నం అదే వచ్చి నా ఒళ్ళో తలపెట్టి, "కోపమా?" అంది. లేదన్నాను. "అబద్ధం," అంది.

సెప్టెంబర్ 18, గురువారం

దయామణి అమ్మగారు వచ్చారు. ఒక్కరే, బడి చీరలోనే. బొప్పాయి పండు తెచ్చారు. మంచం మీద కూర్చుని ఇల్లంతా చూశారు. గోడకి కెజియా అంటించిన నక్షత్రాల పటం, కిటికీలో మొలకెత్తిన శనగలు, లెక్కల బోర్డు.

"హాస్పిటల్‌కి రాలేదు. అది నాదే తప్పు. మీరు రానప్పుడు అలిగారనుకున్నాను. అలిగితే అలగనీ అనుకున్నాను." గుక్క తిప్పుకోకుండా అనేశారు, ఇంటి దగ్గర అనుకుని వచ్చినట్టు.

నేను చెప్పకపోవడం కూడా తప్పేనన్నాను. అంతవరకే అన్నాను.

"ఆ నాలుగో క్లాసు టీచర్ని పెట్టింది నేనే, హెప్సీ. ఈ పిల్లని చూసినప్పుడల్లా నేను ఫెయిలైనట్టు ఉంటుంది. మొన్న అది వేలు పెట్టి చదువుతుంటే... అది నా దగ్గర రావాలి కదా."

టీ పెట్టాను. ఆవిడ ఏడవలేదు, నేనూ ఏడవలేదు. గ్లాసు కింద పెట్టి ఆవిడ మళ్ళీ మేడమ్ అయ్యారు.

"జూన్‌లో చేర్పిస్తానని ఒక్క మాట అను. నేనే దగ్గరుండి చూసుకుంటాను. నీ సండేస్కూల్ క్లాసు వచ్చే ఆదివారమే నీకిచ్చేస్తాను. అందరికీ నేను సర్దిచెబుతాను."

ఆ క్లాసు నాకెంత కావాలో ఆవిడకి తెలుసు. ఓడ అలమార పైన ఉంది, ఆవిడ దాన్నే చూస్తున్నారు.

"చేర్పించనండీ. క్లాసు మాత్రం కావాలి. రెండూ వేరు వేరు."

"ఎంత పంతమమ్మా నీది."

"పంతం కాదండీ." తర్వాత అన్నాను, "పంతమే. అయినా సరే."

ఆవిడ లేచారు. గుమ్మం దగ్గర కెజియా తలమీద చెయ్యి పెట్టి కాసేపు ప్రార్థన చేశారు. నేను కళ్ళు మూసుకున్నాను, ఆమెన్ గట్టిగానే అన్నాను.

సెప్టెంబర్ 28, ఆదివారం

ముందు వరసలో కూర్చున్నాం. ఫ్యాన్ ఉంది.

అక్టోబర్ 5, ఆదివారం

దసరా సెలవుల్లో ఊళ్ళకి వెళ్ళినవాళ్ళు పోను హాలు ముప్పాతిక నిండింది. ఆనంద్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ప్రిసిల్లా వచ్చి వెనకాల కూర్చుంది, నేనే పిలిచాను. ఇక్కడి పాటలు ఆవిడకి రావు, చప్పట్లు మాత్రం కొట్టింది.

హాలు వెనక తొట్టిలో నీళ్ళు నింపారు. పిల్లలంతా తెల్లబట్టల్లో వరసగా నిలబడ్డారు. మా దగ్గర ఒక అలవాటుంది. తొట్టిలోకి దిగేముందు అయ్యగారు ప్రతి బిడ్డ పేరూ క్లాసూ సంఘానికి చెబుతారు. "ఏడో క్లాసు, మన బడి." "ఎనిమిదో క్లాసు, మన బడి." ఒకరి తర్వాత ఒకరు. కెజియా వంతు వచ్చింది. "కెజియా," అని ఆగారు అయ్యగారు. మైకులో ఆయన ఊపిరి వినిపించింది.

నేను లేచేదాన్నే. మైకు అక్కర్లేని గొంతు నాది. ఆనంద్ నా వైపు చూడను కూడా చూడలేదు, కొంగు మాత్రం కాలి కింద తొక్కిపెట్టాడు.

"ఇంటి బడి," అంది కెజియా.

కొందరు నవ్వారు, చెడ్డగా కాదు. "ఇంటి బడి," అన్నారు అయ్యగారు మైకులో, మిగతా పిల్లల బడి చెప్పిన గొంతుతోనే. మెట్లు దిగింది. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. ఆయన దాన్ని వెనక్కి వాల్చి ముంచారు, లేపారు. ముక్కులోకి నీళ్ళు పోయి గట్టిగా తుమ్మింది. సుబ్బులమ్మ అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది. తువ్వాలు పట్టుకుని మెట్ల మీద నిలబడింది దయామణి అమ్మగారు. ఆవిడే తల తుడిచారు, చెవుల వెనక కూడా.

తర్వాత ప్రేమవిందు. క్వయర్ ఆవిడ ఒకరు నా విస్తట్లో కూర వేస్తూ, "పోనీలే, ఇంక అంతా సర్దుకుంది కదా. జూన్ నుంచి మన బడికే కదా?" అంది. నేను నోరు తెరిచేలోపు పక్కనే అన్నం వడ్డిస్తున్న అమ్మగారు, "లేదు. వాళ్ళు పంపరు," అన్నారు. నవ్వలేదు. గరిటె ఆపలేదు. నాకు అన్నం ఎక్కువే వేశారు.

సండేస్కూల్ క్లాసు నాకు తిరిగి ఇవ్వలేదు. ఈ రోజు అడగలేదు, పిల్ల రోజు కదా అని. వచ్చే ఆదివారం అడుగుతాను. ఇవ్వకపోతే ఆ పై ఆదివారం. మేం ఎక్కడికీ పోవడం లేదు.